పిల్లి మీద ఐదు, ఇంట్లో తొంభై ఐదు

వేసవి సెలవులకి పిల్లిని కూడా బుట్టలో పెట్టుకుని ఊరెళ్ళిన కుటుంబం మూడు వారాల తర్వాత తిరిగొచ్చి ఇంటి తాళం తీస్తుంది. సామాన్లు దించి హాల్లో కూర్చున్నారో లేదో, పిల్లలు కాళ్ళు గోక్కోవడం మొదలెడతారు. చూస్తే చీలమండల చుట్టూ ఎర్రటి దద్దుర్లు. తెల్ల సాక్సుల మీద రెండు మిల్లీమీటర్ల పురుగులు, ముదురు గోధుమ రంగువి, వేలు దగ్గరికి రాగానే టప్పున ఎగిరిపోతున్నాయి. ఇన్నాళ్ళూ ఇల్లు మూసే ఉంది. మనిషి లేడు, పిల్లి లేదు, తాగడానికి చుక్క రక్తం లేదు. మరి ఇవన్నీ ఏం తిని బతికాయి?

ఏమీ తినలేదు, అవి అప్పుడే పుట్టాయి. పిల్లి ఊరెళ్ళే ముందు రాల్చిన గుడ్లే ఈ మూడు వారాల్లో పెరిగి, గూడు కట్టుకుని, ఎవరైనా వస్తారా అని లోపల కూర్చున్నాయి. తలుపు తీసి లోపల అడుగులు పడగానే బయటికొచ్చాయి. ఫ్లీలు అనే ఈ పురుగుల బెడద ఎందుకంత మొండిదో, ‘మందు వేశాం, అయినా పోలేదు’ అని ఎందుకు ప్రతివాళ్ళూ వాపోతారో, దానికి జవాబంతా ఈ గూట్లోనే ఉంది.

ముందు పురుగేదో తేల్చుకోవాలి. పిడుదు, పేను అనే మాటల్ని మన ఇళ్ళల్లో ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం, మందుల షాపులోనూ అలాగే అడుగుతాం. పిడుదుకి ఎనిమిది కాళ్ళు. ఒకచోట కరుచుకుని రక్తం తాగి ఉబ్బుతుంది, ఎగరలేదు. పేను వెంట్రుకని పట్టుకుని నింపాదిగా పాకుతుంది. డాక్టర్లు ఫ్లీ అనేది ఈ రెండూ కాదు. రెండు పక్కల నుంచీ నొక్కేసినట్టు పల్చగా ఉంటుంది కాబట్టి బొచ్చులో వెంట్రుకల మధ్య నుంచి దూసుకుపోతుంది. రెక్కలు లేవు. ఛాతీలో రెసిలిన్ అనే సాగే ప్రొటీన్‌లో బలం దాచుకుని ఒక్కసారిగా వదులుతుంది, ఒక్క గంతుకి అడుగు దూరం పోగలదు. పిల్లుల మీద ఉండేది ఎక్కువగా టెనోసెఫలైడిస్ ఫెలిస్ అనే రకం. పేరుకి పిల్లిదే అయినా కుక్కనీ వదలదు, దొరికితే మనల్నీ వదలదు.

‘మా పిల్లి ఒళ్ళంతా వెతికాం, ఒక్కటీ లేదు’ అనే మాటని నేను నమ్మను. పిల్లి రోజులో చాలాసేపు ఒళ్ళు నాక్కుంటూనే ఉంటుంది, దాని నాలుక గరుకు ఫ్లీలని దువ్వి మింగేస్తుంది. కాబట్టి పురుగు కోసం కాదు, దాని పెంట కోసం వెతకాలి. తెల్ల టిష్యూ కాగితాన్ని తడిపి పరవండి. పేల దువ్వెనతో పిల్లి నడుము మీద, తోక మొదట్లో, మెడ కింద చర్మానికి తగిలేలా దువ్వి, వచ్చిన నల్లటి నలుసుల్ని ఆ తడి కాగితం మీద దులపండి. మట్టయితే మట్టి రంగులోనే ఉంటుంది. ఫ్లీ పెంటయితే అర నిమిషంలో నలుసు చుట్టూ తుప్పు రంగు వలయం పాకుతుంది. అది సగం అరిగి ఎండిన రక్తం, మీ పిల్లిదే. ఆ ఒక్క వలయం కనపడితే చాలు, ఇంట్లో ఫ్లీలు ఉన్నట్టే లెక్క.

ఆ ఎండిన రక్తానికి ఇంకో పని కూడా ఉంది, అదే వీటి సంసారం నడిపించేది. గూట్లోంచి బయటపడిన ఫ్లీ పిల్లి మీదకి చేరిన కొద్ది నిమిషాల్లోనే రక్తం తాగడం మొదలెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఆడది గుడ్లు పెడుతుంది. ఊపు మీదున్నప్పుడు రోజుకి 40 నుంచి 50 దాకా. అన్ని గుడ్లు పెట్టడానికి రోజూ తన బరువుకి 15 రెట్ల రక్తం తాగుతుంది. అందులో చాలా భాగం సరిగా అరగకుండానే నలుసులుగా బయటికి వచ్చేస్తుంది. గుడ్లు పేను ఈపిల్లా వెంట్రుకకి అంటుకుని ఉండవు, నున్నగా జారి కింద పడతాయి. రక్తపు నలుసులూ వాటితోపాటే రాల్తాయి. అంటే తల్లి పైనుంచి గుడ్డునీ, పుట్టబోయే పిల్లకి తిండినీ ఒకేచోట కుమ్మరిస్తుందన్నమాట. పిల్లి ఎక్కడ ఎక్కువసేపు పడుకుంటే అక్కడే ఎక్కువ.

గుడ్డు పగిలి వచ్చే లార్వా సన్నటి తెల్లటి పురుగు. దానికి కళ్ళు లేవు, అయినా వెలుతురు గిట్టదు. వెలుగుకి దూరంగా, కిందికి పోవాలని చూస్తుంది. సోఫా మడతల్లోకి, పరుపు కుట్లలోకి, బండల సందుల్లోకి. అక్కడ ఆ రక్తపు నలుసులు తింటూ వారం పదిరోజులు పెరిగి, పట్టుదారంతో చిన్న గూడు అల్లుకుంటుంది. గూడు జిగురుగా ఉండటంతో చుట్టూ ఉన్న దుమ్ము, నూలుపోగులు, ఇసక రేణువులు దానికి అంటుకుంటాయి. పక్కనే పెట్టి చూపించినా దుమ్ము ఉండలా కనపడుతుంది తప్ప గూడని పోల్చుకోలేం. పురుగుల మందు దాని లోపలికి సరిగా ఇంకదు, చీపురికీ సులువుగా ఊడి రాదు.

లోపల ఫ్లీ తయారైపోయినా వెంటనే బయటికి రాదు. రక్తం దొరుకుతుందన్న నమ్మకం కుదిరేదాకా ఆగుతుంది. నేల మీద ఒత్తిడి, ఒంటి వేడి, ఊపిరితో వచ్చే కార్బన్ డయాక్సైడ్ దాని గుర్తులు. అవి తగిలితే సెకన్లలో బయటికి దూకుతుంది. తగలకపోతే వారాలు, అనుకూలమైన చోట నెలల తరబడి అలాగే ఉంటుంది. బయటికొచ్చాక మాత్రం రక్తం దొరక్కపోతే ఒకటి రెండు వారాలకి మించి బతకడం కష్టం. ఊరి నుంచి తిరిగొచ్చిన కుటుంబానికి జరిగిన మర్యాద ఇదే.

ఫ్లీలున్న ఇంట్లో ఏ క్షణాన లెక్క తీసినా, నూటికి సుమారు 50 గుడ్లు, 35 లార్వాలు, 10 ప్యూపాలు (అంటే గూళ్ళలో ఉన్నవి), 5 మాత్రమే పెద్ద పురుగులని పశువైద్యులు చెప్పే అంచనా. ఇంటింటికీ కొంచెం మారినా లెక్క తీరు అదే. మనకి కనపడేవీ, కుట్టేవీ, మనం తిట్టుకునేవీ ఆ ఐదే. పిల్లికి ఒకసారి స్నానం చేయించి అయిపోయిందనుకుంటే ఆ ఐదులో కొన్నిటిని కడిగినట్టు. ఇల్లంతా స్ప్రే కొట్టించి పిల్లిని వదిలేస్తే, గూళ్ళలోని పది క్షేమం, పిల్లి మీది ఐదూ క్షేమం. అవి రోజూ కొత్త గుడ్లు రాలుస్తూనే ఉంటాయి.

మరొక సంగతి చాలామందికి తెలియదు. పిల్లి మీదకి చేరిన ఫ్లీ మళ్ళీ కావాలని దిగదు, చచ్చేదాకా అక్కడే కాపురం. కాబట్టి నేల మీద గెంతుతూ మీ కాళ్ళని కుట్టేది పిల్లి మీంచి దూకింది కాదు, అప్పుడే గూట్లోంచి వచ్చి పిల్లిని వెతుక్కుంటున్నది. మీరు ముందు తగిలారు, అంతే.

ఇది అర్థమైతే మన ఇళ్ళల్లో జరిగే పెద్ద పొరపాటు ఎంత పెద్దదో తెలుస్తుంది. ఫ్లీలు కనపడగానే పిల్లిని బయటికి గెంటేస్తారు, లేదా ఎక్కడో దూరంగా వదిలేసి వస్తారు. పిల్లి పోయింది కానీ గూళ్ళు పోలేదు. ఇన్నాళ్ళూ పిల్లి మీదకి ఎక్కేవి ఇప్పుడు మనుషుల మీద పడతాయి. ‘పిల్లి పోయాక ఇంకా ఎక్కువయ్యాయండీ’ అంటారు, నిజంగానే ఎక్కువవుతాయి. చేయాల్సింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. పిల్లిని ఇంట్లోనే ఉంచి, దానికి సరైన మందు వేసి, ఎప్పట్లాగే అన్ని గదులూ తిరగనివ్వాలి. గూట్లోంచి వచ్చిన ప్రతి ఫ్లీ దాని మీదకే ఎక్కుతుంది, గుడ్లు పెట్టేలోపే చస్తుంది. మందు వేసిన పిల్లి అంటే ఇల్లంతా తిరిగే బోను. ఆ బోను మూడు నెలలు ఆగకుండా పనిచేస్తే ఇల్లు దానంతట అదే ఖాళీ అవుతుంది. మిగతా పనులన్నీ దీనికి తోడు మాత్రమే.

మూడు నెలలు ఎందుకంటే, మొదటిరోజు ఇంట్లో ఉన్న గుడ్లలో చివరిది కూడా లార్వా అయి, గూడు కట్టి, బయటికొచ్చి, పిల్లిని ఎక్కి చావాలి. సాధారణంగా మెడ వెనక వేసే చుక్కల మందు ఒక్కోటీ నెల పనిచేస్తుంది, అంటే వరసగా మూడు మోతాదులు. రెండో నెల మందు వారం ఆలస్యమైతే, ఆ వారంలో ఎక్కిన ఆడ ఫ్లీలు వందల గుడ్లు రాల్చేస్తాయి, లెక్క మొదటికొస్తుంది. అందుకే నేనైతే తేదీని క్యాలెండర్ మీద ఎర్ర ఇంకుతో రాయమంటాను. గుర్తుంటుందిలే అనుకున్నది ఎప్పుడూ గుర్తుండదు.

పిల్లులకి డాక్టర్లు రాసే మందుల్లో ఎక్కువగా వినపడే పేర్లు ఫిప్రోనిల్, సెలామెక్టిన్, ఇమిడాక్లోప్రిడ్, ఈ మధ్య ఫ్లూరలానర్. ఫిప్రోనిల్‌కి ఎస్-మెథోప్రీన్ కలిపినవి దొరుకుతాయి. మెథోప్రీన్ పెద్ద పురుగుని చంపదు, గుడ్డునీ లార్వానీ ఎదగనివ్వదు. అందుకే ఆ జంట నాకు నచ్చుతుంది. ఫ్లూరలానర్ ఒక్కసారి వేస్తే సుమారు మూడు నెలలు పనిచేస్తుంది కాబట్టి తేదీలు మరిచిపోయేవాళ్ళకి మేలు. ఏది వాడాలన్నా పిల్లి బరువు, వయసు చూసి డాక్టరే చెప్పాలి. వేసేటప్పుడు మెడ వెనక, నాలుక అందని చోట, బొచ్చు పాయ తీసి చర్మం మీద పడేలా వేయాలి. బొచ్చు మీద పడితే సగం మందు దండగ. ఫిప్రోనిల్ చర్మంలోని నూనెతో ఒళ్ళంతా పాకుతుంది కాబట్టి వేయడానికి రెండు రోజుల ముందూ, తర్వాతా స్నానం వద్దు. ఇంట్లో రెండు పిల్లులూ ఒక కుక్కా ఉంటే మూడిటికీ ఒకే రోజు, దేని మందు దానికి. ఒక్కదాన్ని వదిలేసినా ఆ ఒక్కటే మళ్ళీ ఇల్లంతా నింపుతుంది.

‘దేని మందు దానికి’ అన్నది మాటవరసకి అనలేదు. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తులేకపోయినా పర్మెత్రిన్ అనే పేరు గుర్తుంచుకోండి. కుక్కల కోసం చేసిన చాలా చుక్కల మందుల్లో, పొడుల్లో ఇది ఉంటుంది. కుక్కకి ఏమీ కాదు. పిల్లికి ప్రాణం మీదకి వస్తుంది. కుక్క కాలేయం, మనిషి కాలేయం ఇలాంటి రసాయనాన్ని గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి బయటికి పంపేస్తాయి. పిల్లి కాలేయంలో ఆ పనిచేసే ఎంజైముల కొరత పుట్టుకతోనే ఉంది. విషం ఒంట్లోనే నిలబడి నరాల మీద పనిచేస్తుంది. ముందు చెవులు, మూతి అదురుతాయి, తర్వాత ఒళ్ళంతా వణుకు, జొల్లు, ఫిట్స్. కుక్కకి కొన్న ట్యూబులో నాలుగో వంతు పిల్లికి వేద్దాం అనే పొదుపు ఎన్నో పిల్లుల్ని చంపింది. ఊళ్ళల్లో గేదెల పిడుదులకి నీళ్ళలో కలిపి రాసే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ మందులదీ ఇదే కుటుంబం. అర మూత కలిపి పిల్లికి కూడా పూసేద్దాం అనుకోకండి. దోమలకీ బొద్దింకలకీ కొట్టే స్ప్రేల్లో ఉండేవీ ఎక్కువగా ఇవే, వాటిని నేరుగా పిల్లి మీద కొట్టడమన్న మాటే వద్దు.

పొరపాటున పడితే ఆలోచిస్తూ కూర్చోవద్దు. గోరువెచ్చని నీళ్ళతో, గిన్నెలు తోమే లిక్విడ్‌తో మందు పడినచోటు శుభ్రంగా కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మందు డబ్బా కూడా వెంట తీసుకెళ్ళండి. పాలు తాగించడం, వాంతి చేయించడం లాంటి ఇంటి వైద్యాలు వద్దు. వేళకి చికిత్స అందితే చాలా పిల్లులు కోలుకుంటాయి.

కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే చిట్కాలతో నాకు పేచీ ఇక్కడే. కర్పూరం కొబ్బరినూనెలో కలిపి రాయమంటారు. కర్పూరం పిల్లికి విషం, చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది. కలరా ఉండలు పిల్లి పడకలో పెట్టమంటారు, ఆ నాఫ్తలీన్ దాని ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. వెల్లుల్లి తినిపించమంటారు, అదీ రక్తకణాల మీదే పనిచేస్తుంది. ఫినాయిల్ పిల్లి పాదాలకి అంటి, అది పాదాలు నాక్కుని లోపలికి పోతుంది. టీ ట్రీ ఆయిల్ లాంటి ఘాటు నూనెలూ అంతే. వేపనూనె గురించి చెబితే కొందరికి కోపం వస్తుంది. వేపకి పురుగుల్ని దూరం పెట్టే గుణం ఉందన్నది నిజం. కానీ పిల్లి ఒంటికి పూసింది పిల్లి కడుపులోకే పోతుంది, వేపనూనె నాకి జొల్లు కారుస్తూ, వణుకుతూ ఆసుపత్రికి చేరిన పిల్లులున్నాయి. ఇక పసుపు. అది రాస్తే పిల్లి పచ్చబడుతుంది, ఫ్లీలకి ఏమీ కాదు.

వీటన్నిటికన్నా మామూలు సబ్బు నయం. ఎనిమిది వారాలు కూడా నిండని కూనలకి చుక్కల మందులు ఎక్కువగా పనికిరావు. వాటికి పేల దువ్వెనే మందు. పక్కన గిన్నెలో సబ్బు నీళ్ళు పెట్టుకుని, దువ్విన ప్రతిసారీ దువ్వెన అందులో ముంచాలి. ఉట్టి నీళ్ళ మీద ఫ్లీ తేలి గెంతి పోగలదు, సబ్బు కలిస్తే నీటి పైపొర పట్టు తప్పి మునిగి చస్తుంది. కూనల విషయంలో ఆలస్యం పనికిరాదు. అరచేతిలో పట్టే కూనలో ఉండే రక్తమే తక్కువ, వంద ఫ్లీలు రోజూ తాగితే రక్తహీనతతో చచ్చిపోతుంది. చిగుళ్ళు గులాబీ రంగు పోయి తెల్లగా పాలిపోతే అదే రోజు డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

ఇంటి సంగతి. ఇంటర్నెట్లో దొరికే సలహాల్లో సగం గోడ నుంచి గోడ దాకా కార్పెట్ ఉన్న అమెరికా, ఇంగ్లండ్ ఇళ్ళ కోసం రాసినవి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండేవాళ్ళకి అవి అక్షరాలా పనికొస్తాయి, అక్కడ కార్పెట్ అడుగునే లార్వాలు పెరుగుతాయి. మన టైల్స్ నేల, గచ్చు నేల రోజూ ఊడ్చి తడిగుడ్డ పెట్టేది కాబట్టి నడిమధ్యలో ఏమీ బతకదు. మనకి వెతకాల్సిన చోట్లు వేరు. పిల్లి పడుకునే సోఫా మూల, దివాన్ కాట్ కింద, దూది పరుపు కుట్లు, మడతపెట్టి మూలన పెట్టిన బొంతలు, గుమ్మం దగ్గరి పట్టా, చాప అల్లికల సందులు, పాత ఇళ్ళల్లో నాపరాళ్ళ మధ్య సున్నం ఊడిన గాళ్ళు, బీరువా కింద చీపురు దూరని జానెడు చోటు, సజ్జ మీద గోనె సంచులు. పిల్లి రోజులో ఎక్కడెక్కడ కునుకు తీస్తుందో ఒకరోజు గమనించండి. ఆ నాలుగైదు చోట్లలోనే మీ సమస్యలో ముప్పాతిక భాగం ఉంటుంది.

వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే అంతకన్నా మంచి ఆయుధం లేదు. ఒహయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2007లో చూపించినదాని ప్రకారం, వ్యాక్యూమ్‌లోకి పోయిన పెద్ద ఫ్లీల్లో 96 శాతం, అంతకన్నా చిన్న దశల్లో ఉన్నవన్నీ అందులోనే చచ్చిపోయాయి. అది చేసే ఇంకో మేలు ఏమిటంటే, ఆ అదురుకి గూళ్ళలోనివి మనిషి వచ్చాడనుకుని బయటికొస్తాయి. బయటికొస్తే మందున్న పిల్లికి చిక్కుతాయి. లేనివాళ్ళు గట్టి చీపురుతో అంచులు, మూలలు ఊడ్చి, ఆ దుమ్ముని ఇంట్లో బుట్టలో ఉంచకుండా కవర్లో కట్టి బయటపడేయాలి. పిల్లి పడుకునే గుడ్డలు, దిండు గలేబులు, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీలు దాటిన వేడి నీళ్ళలో నానబెట్టి ఉతకాలి. ఉతికేచోటికి తీసుకెళ్ళేటప్పుడు దులపకుండా చుట్టి తీసుకెళ్ళండి, లేకపోతే గుడ్లన్నీ దారి పొడుగునా రాల్తాయి.

ఎండ మనకి ఊరికే దొరికే మందు. గుడ్డూ లార్వా తేమ లేకపోతే బతకలేవు, గాలిలో తేమ 50 శాతానికి దిగితే లార్వా ఎండిపోతుంది, 35 డిగ్రీలు దాటిన వేడీ తట్టుకోలేదు. ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణలో, రాయలసీమలో డాబా మీద పరుపులు, దిండ్లు రెండు మూడు మధ్యాహ్నాలు తిరగేసి ఆరేస్తే చాలా పని జరుగుతుంది. వానలు పడ్డాక కథ మారుతుంది. లాబొరేటరీల్లో ఫ్లీలని పెంచడానికి సుమారు 27 డిగ్రీల వేడి, 75 శాతం పైన తేమ ఉంచుతారు. జులై నుంచి సెప్టెంబరు దాకా హైదరాబాద్ వాతావరణం దాదాపు అదే. ఆ రోజుల్లో గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా మూడు వారాలు చాలు. విశాఖ, కాకినాడల్లో సముద్రపు తేమ ఏడాది పొడుగునా ఉంటుంది కాబట్టి అక్కడివాళ్ళు ఎండాకాలాన్ని నమ్ముకోలేరు.

పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలవాలా? పిల్లికి మందు మొదలుపెట్టి ఇల్లు శుభ్రం చేస్తున్న చాలా ఇళ్ళకి అక్కర్లేదు. రాత్రి మంచం మీద కూడా కుడుతున్నాయంటే పిలవండి, కానీ అడిగి పిలవండి. బొద్దింకల జెల్ పెట్టి వెళ్ళిపోతే ఉపయోగం లేదు. గుడ్లు, లార్వాలు ఎదగకుండా ఆపే మెథోప్రీన్, పైరిప్రాక్సిఫెన్ లాంటి మందు వాడతారా అని అడగాలి. ఏ రసాయనం కొడుతున్నారో పేరు రాయించుకోవాలి. పైరెత్రాయిడ్, అంటే పర్మెత్రిన్ కుటుంబపు మందు అయితే కొట్టేటప్పుడూ, తడి పూర్తిగా ఆరి గాలాడేదాకానూ పిల్లి ఇంట్లో ఉండకూడదు. చేపల తొట్టి ఉంటే మూసి, గాలి పంపు ఆపేయాలి. ఒక్కసారి కొట్టి గ్యారంటీ ఇస్తామంటే నమ్మకండి, గూళ్ళలో ఉన్నవాటి కోసం మళ్ళీ రావాల్సిందే.

రెండో వారంలో ఒక పరీక్ష వస్తుంది. పిల్లికి మందు వేశారు, ఇల్లు తుడిచారు, నాలుగు రోజులు హాయిగా గడిచింది. పదో రోజో పదిహేనో రోజో మళ్ళీ కాళ్ళ మీద దద్దుర్లు, పిల్లి మీద రెండు ఫ్లీలు. మందు పనిచేయలేదని చాలామంది అప్పుడే ఇంకో మందు మొదటిదాని మీదే వేసేస్తారు, కొందరు కుక్కల మందు దాకా వెళ్ళేదీ అప్పుడే. నిజానికి ఆ రెండూ మందు వేయకముందు రాలిన గుడ్ల సంతానం. పిల్లి మీద ఎక్కినవి ఒకటి రెండు రోజుల్లో చస్తున్నాయా లేదా అన్నదే చూడాలి. అదే తడి కాగితం పరీక్ష వారానికోసారి చేయండి. నలుసులు తగ్గుతుంటే దారిలోనే ఉన్నారు. రెండు నెలలు దాటినా తగ్గకపోతే, మందు చర్మానికి తగల్లేదా, ఇంట్లో మందు వేయని జంతువు ఉందా, బయటి పిల్లి వచ్చిపోతోందా అని ఆ వరసలో వెతకండి.

కొన్ని పిల్లులకి ఒక్క ఫ్లీ కుట్టినా చాలు, దాని లాలాజలం పడక నడుము మీద సన్నటి పొక్కులు లేచి, బొచ్చు ఊడేలా నాక్కుంటాయి. వాటికి దురద తగ్గే చికిత్స వేరుగా కావాలి. పిల్లి మలద్వారం దగ్గర, పడక మీద బియ్యపు గింజల్లాంటివి కనపడితే అవి బద్దెపురుగు ముక్కలు. ఆ పురుగు గుడ్లని ఫ్లీ లార్వా తింటుంది, పెరిగిన ఫ్లీని నాక్కుంటూ పిల్లి మింగుతుంది. కాబట్టి పురుగుల మాత్ర ఒక్కటే వేసి ఫ్లీలని వదిలేస్తే నెలలో మళ్ళీ అదే. నేల మీద పాకే పసిపిల్లలు ఫ్లీని మింగినా అరుదుగా వాళ్ళకీ ఇది వస్తుంది. పిల్లి గీరితే వచ్చే జ్వరానికి కారణమైన బార్టొనెల్లా అనే బ్యాక్టీరియా కూడా గోళ్ళలో ఇరుక్కున్న ఫ్లీ పెంట నుంచే వస్తుంది. ప్లేగు గురించి భయపడేవాళ్ళకి ఒక మాట. 1898లో కరాచీలో ఫ్రెంచ్ డాక్టర్ పాల్ లూయీ సిమాండ్ ప్లేగుని మోసేది ఫ్లీలేనని తేల్చింది నిజమే, కానీ అది ఎలుకల మీద ఉండే వేరే రకం. దాని భయంతో పిల్లిని తరిమేస్తే మిగిలేది ఎలుకలు.

చివరగా, పిల్లినే పెంచని ఇళ్ళ సంగతి. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మనవాళ్ళు ఊరికే అనలేదు. గోడ దూకి వచ్చిన తల్లి పిల్లి మీ సజ్జ మీదో, మెట్ల కింద పాత అట్టపెట్టెలోనో ఈనుతుంది, రెండు వారాలుండి కూనల్ని నోట కరుచుకుని వెళ్ళిపోతుంది. ఫ్లీ గుడ్లు అక్కడే ఉంటాయి. నెల తర్వాత మీరు దీపావళికి సజ్జ దులపడానికి ఎక్కగానే కాళ్ళకి చుట్టుకుంటాయి. ఈ ఇంట్లో బోను పని చేసే పిల్లి లేదు కాబట్టి శుభ్రతే దిక్కు. తల్లి వెళ్ళిందని ఖాయమైన రోజే ఆ అట్టపెట్టెనీ గుడ్డల్నీ కవర్లో బిగించి కట్టి పారేయండి, సజ్జ మూలలు వ్యాక్యూమ్ చేసి, సబ్బు నీళ్ళతో తుడవండి, మూడు వారాల పాటు రెండు రోజులకోసారి అదే పని చేయండి. కూనలు ఇంకా అక్కడే ఉంటే మాత్రం వాటిని కదిలించకండి, చుట్టుపక్కల ఏ మందూ చల్లకండి. కింద పరిచిన గుడ్డని రోజు విడిచి రోజు మార్చి వేడి నీళ్ళలో వేస్తే చాలా గుడ్లు పోతాయి. తల్లి మీ చేతికి మచ్చికైతే డాక్టర్ని అడిగి సెలామెక్టిన్ వేయించండి, పాలిచ్చే తల్లికి కూడా వాడదగిన మందు అది.